రియాద్ ఎండలో మా అబ్బాయి కంప్యూటర్

రియాద్‌లో జూలై మధ్యాహ్నం ఎండ 45 డిగ్రీల దాకా వెళ్తుంది. ఆటలు ఆడే కంప్యూటర్ కూడా ఒక చిన్న పొయ్యి లాంటిదే. అది ఎంత కరెంటు తీసుకుంటే అంత వేడిని గదిలోకి వదులుతుంది. అందుకే ఇక్కడ మొదటిసారి కంప్యూటర్ సొంతంగా బిగించుకునేవాళ్లకు డర్బన్‌లో వేసే లెక్క సరిపోదు. ఏ భాగం ఎంత వేగంగా పని చేస్తుంది అని అందరూ అడుగుతారు. ఈ వేడికి, ఈ దుమ్ముకి, ఇక్కడి కరెంటుకి ఏది నిలుస్తుంది అని ముందు అడగాలి.

నేను ఇక్కడ ఒక బడిలో పాఠాలు చెబుతాను. 2024 జూలై, ఆగస్టు నెలల్లో రియాద్‌లో మొదటి ఈస్పోర్ట్స్ వరల్డ్ కప్ జరిగింది. బహుమతుల మొత్తం 6 కోట్ల డాలర్లు దాటింది. సెలవుల తర్వాత బడి తెరిస్తే, సొంత గేమింగ్ కంప్యూటర్ కావాలని అడగని పిల్లవాడు లేడు. మా అబ్బాయి కూడా అడిగాడు. వాడికి పదహారేళ్లు. మా దగ్గర ఉన్నది 4,000 రియాళ్లు. అందులో సగం వాడు రెండేళ్లుగా దాచుకున్న పండుగ డబ్బులు. నా ఉద్యోగ ఒప్పందం ఇంకో ఏడాదిన్నరలో అయిపోతుంది. తర్వాత వాడు చదువుకి డర్బన్ వెళ్తాడు. అంటే ఈ యంత్రం అక్కడ కూడా పని చేయాలి. ఇంకొకటి కొనే స్తోమత మాకు లేదు.

నేను ఒక షరతు పెట్టాను. ప్రతి భాగం ఎందుకు కావాలో వాడు ఫోన్‌లో వాళ్ల అవ్వకి తెలుగులో చెప్పాలి. అవ్వ ఒప్పుకుంటేనే కొంటాం. మా అమ్మకు కంప్యూటర్లు తెలియవు. కానీ డబ్బు సంగతి బాగా తెలుసు.

ముందు ధర లెక్క చెబుతాను. ఇది ఎవరికైనా పనికొస్తుంది. సౌదీ రియాల్ విలువ డాలర్‌కి 3.75 దగ్గర స్థిరంగా ఉంటుంది. 2020 జూలై 1 నుంచి ఇక్కడ వ్యాట్ 15 శాతం. అమెరికాలో ప్రకటించే ధరలో పన్ను ఉండదు. కాబట్టి ఆ ధరను 4.31తో గుణిస్తే ఇక్కడ ఉండవలసిన ధర దాదాపు తెలుస్తుంది. ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డ్ 2023లో 299 డాలర్లకు వచ్చింది. గుణిస్తే సుమారు 1,290 రియాళ్లు. దుకాణంలో 1,700 అన్నారంటే, ఎందుకు అని అడిగే ధైర్యం మీకు వస్తుంది.

గ్రాఫిక్స్ కార్డ్ అంటే ఆటలోని బొమ్మలను గీసే భాగం. డబ్బులో మూడో వంతు దీనికే పోతుంది. ఏది కొనాలో తెలియాలంటే ముందు మీ మానిటర్ చూడండి. మా మానిటర్ 1920 × 1080 చుక్కలది. అంతకంటే పెద్ద తెర కోసం తయారైన కార్డ్ మాకు దండగ. దండగ అంటే వృథా ఖర్చు. ఆర్‌టీఎక్స్ 4060 మీద 8 జీబీ మెమరీ ఉంది. అది తీసుకునే కరెంటు 115 వాట్లు మాత్రమే. నన్ను ఒప్పించింది ఈ రెండో అంకె. తక్కువ వాట్లు అంటే తక్కువ వేడి. రియాద్‌లో ఆ వేడిని బయటికి పంపేది మళ్లీ మన ఏసీయే, దాని బిల్లు కట్టేది మనమే.

ప్రాసెసర్ అంటే లెక్కలు చేసే మెదడు. మావాడు రైజెన్ 5 7600 ఎంచుకున్నాడు. దానికి ఆరు కోర్లు ఉన్నాయి, వేడి లెక్క 65 వాట్లు, చల్లబరిచే ఫ్యాన్ కూడా పెట్టెలోనే వస్తుంది. బొమ్మను తెర మీద చూపే చిన్న భాగం దాని లోపలే ఉంది. అది ఆటలకు చాలదు. కానీ ప్రయాణంలో గ్రాఫిక్స్ కార్డ్ పాడైతే, పాఠాలు చదువుకోవడానికి కంప్యూటర్ పని చేస్తూనే ఉంటుంది. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అనే అక్షరం ఉంటే ఈ భాగం ఉండదు. కాస్త చౌకగా వస్తుంది. మాలా ఊళ్లు మారేవాళ్లకు ఆ పొదుపు మంచిది కాదని నా అభిప్రాయం.

మదర్‌బోర్డు అన్ని భాగాలనూ కలిపే పలక. ఇక్కడ రుచి, ఇష్టం అనే మాటలు లేవు, సరిపోవడం ఒక్కటే ఉంది. రైజెన్ 7600 కూర్చునే చోటు పేరు ఏఎమ్5. ఇది 2022లో వచ్చింది. ఇందులో డీడీఆర్5 ర్యామ్ మాత్రమే పడుతుంది. పాత డీడీఆర్4 ర్యామ్‌కి గాటు వేరే చోట ఉంటుంది, అది దూరదు. దీని ముందు వచ్చిన ఏఎమ్4 చోటు 2016 నుంచి ఎన్నో ఏళ్లు నడిచింది. చాలామంది బోర్డు మార్చకుండా ప్రాసెసర్ మాత్రం మార్చుకున్నారు. ఏఎమ్5కి కూడా అలాంటి ఆయుష్షు ఉంటుందని మా ఆశ. బోర్డు మైక్రో ఏటీఎక్స్ కొలతది తీసుకున్నాం. చిన్నది కాబట్టి సూట్‌కేసులో పడుతుంది.

ఇక కరెంటు. నేను అందరికంటే ఎక్కువ చదివింది దీని గురించే. సౌదీలో చాలా కాలం ఇళ్లకు 127, 220 వోల్టులు రెండూ వచ్చేవి. 2010లో ప్రభుత్వం 230 వోల్టులకు మారాలని నిర్ణయించింది. మార్పు మెల్లగా జరుగుతోంది. పాత ఇళ్లలో ఒక గోడకు 127, ఇంకో గోడకు 220 ఉండవచ్చు. చాలా చౌక పవర్ సప్లైలకు వెనుక ఒక ఎర్ర మీట ఉంటుంది. దాన్ని 115 వైపు పెట్టి 220 గోడకు తగిలిస్తే పెద్ద చప్పుడు, కాలిన వాసన, అంతే. మంచి పవర్ సప్లైకి ఆ మీట ఉండదు. దాని చీటీ మీద 100–240 వోల్టులు, 50–60 హెర్ట్జ్ అని రాసి ఉంటుంది. అది తనంతట తానే సర్దుకుంటుంది. సౌదీ కరెంటు 60 హెర్ట్జ్, డర్బన్‌ది 50. ఈ చీటీ ఉంటే రెండు చోట్లా భయం లేదు. ఇక్కడి ప్లగ్గుకు మూడు చదరపు కాళ్లు, మనకు మూడు గుండ్రని కాళ్లు. మారేది ఆ తీగ ఒక్కటే.

పవర్ సప్లై మీద 80 ప్లస్ అనే గుర్తు కూడా చూడండి. కంప్యూటర్‌కి 300 వాట్లు కావాలనుకోండి. 80 శాతం సామర్థ్యం ఉన్న సప్లై గోడ నుంచి 375 వాట్లు లాగుతుంది. మిగిలిన 75 వాట్లు వేడిగా మారతాయి. 90 శాతం ఉన్నదైతే ఆ వేడి 33 వాట్లే. ఆర్‌టీఎక్స్ 4060కి 550 వాట్ల సప్లై చాలని కంపెనీయే చెబుతుంది. మేము 650 వాట్లది, గోల్డ్ గుర్తు ఉన్నది కొన్నాం. అవ్వ ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఒప్పుకున్న భాగం ఇదే. "కరెంటు దగ్గర పిసినారితనం చేయకు నాన్నా" అంది.

కొనడానికి ఒలాయా వీధిలోని కంప్యూటర్ బజారుకు వెళ్లాం. చిన్న చిన్న దుకాణాలు పక్కపక్కనే ఉంటాయి. జెద్దాలో ఉండేవాళ్లకు ఫలస్తీన్ వీధి ఉంది. జరీర్ బుక్‌స్టోర్‌లో కూడా చూడవచ్చు. పేరు పుస్తకాల దుకాణమే కానీ లోపల సగం కంప్యూటర్లే. అక్కడ ధర రాసి ఉంటుంది, బేరం ఉండదు. బజారులో బేరం ఉంటుంది. చాలా చిన్న దుకాణాలు నమాజు వేళకు మూసేస్తాయి. కాబట్టి సమయం చూసుకుని వెళ్లండి. శుక్రవారమైతే సాయంత్రమే మేలు.

ఒక దుకాణంలో మావాడు నాలుగు వైపులా అద్దం, రంగు రంగుల దీపాలు ఉన్న క్యాబినెట్ ముందు ఆగిపోయాడు. మేము తెలుగులో వాదించుకుంటుంటే అక్కడ పని చేసే ఒక యువకుడు తల ఎత్తాడు. అతనిది నిజామాబాద్ దగ్గర పల్లె.

"మీరు తెలుగోళ్లా మేడం?"

"అవును బాబూ. మాది దక్షిణాఫ్రికా."

"ఆఫ్రికాల గూడ తెలుగోళ్లు ఉంటరా!" అని నవ్వాడు. అప్పటి నుంచి నేను అక్కను అయ్యాను. "అక్కా, గీ అద్దం డబ్బా మంచిగ కనవడ్తది. గానీ గాలి యాడికెల్లి వస్తది? దుబ్బ వడితే పంకలు కరాబైతయి."

నేను గుడిలో నేర్చుకున్న మాట ధూళి. మా అమ్మ దుమ్ము అంటుంది. అతను దుబ్బ అన్నాడు. మూడూ ఒకటే. పంక అంటే ఫ్యాన్, కరాబు అంటే పాడు. పవర్ సప్లైని అతను ఎస్‌ఎంపీఎస్ అంటాడు. భారతదేశంలో బజారు మాట అదేనట. ఈ మాటలు మా గుడి పుస్తకంలో లేవు. మావాడు వాటిని ఫోన్‌లో రాసుకున్నాడు.

అతను చెప్పిన కారణం నాకు నచ్చింది. ముందు భాగం జల్లెడలా ఉన్న క్యాబినెట్ అయితే గాలి నేరుగా లోపలికి వస్తుంది. రియాద్ దుమ్ము పిండిలా మెత్తగా ఉంటుంది, గాలిదుమారం వచ్చిన రోజు మూసిన కిటికీ సందులోంచి కూడా దూరుతుంది. అందుకని గాలి లోపలికి లాగే ఫ్యాన్లు రెండు, బయటికి పంపేది ఒకటి ఉండాలి. లోపలికి వచ్చే గాలి ఎక్కువైతే, అది ప్రతి సందులోంచి బయటికే తోసుకుంటుంది. దుమ్ము వడపోత ఉన్న దారిలోనే రావలసి వస్తుంది. ఆ వడపోతను విప్పి రెండు వారాలకు ఒకసారి కడగాలి. ఫ్యాన్ మీదికి గాలి ఊది శుభ్రం చేసేటప్పుడు రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోవాలి.

దీపాల సంగతి అవ్వ దగ్గరికి వెళ్లింది. "ఆ దీపాలు ఎందుకురా? చీకట్లో ఆడతావా?" అని అడిగింది. మావాడు ఇంగ్లీషులో ఏదో మొదలుపెట్టాడు. తెలుగులో చెప్పమంది. చెప్పలేకపోయాడు. జల్లెడ క్యాబినెట్ వచ్చింది, 90 రియాళ్లు మిగిలాయి.

క్యాబినెట్ మీద ఎక్కువ పెట్టకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. తిరిగి వెళ్లేటప్పుడు దాన్ని ఇక్కడే వదిలేస్తాం. మన ముత్తాతల ఒప్పందం సాధారణంగా ఐదేళ్లు, నాది రెండేళ్ల చొప్పున. చేత్తో మోయగలిగింది మాత్రమే మనది అవుతుంది. గ్రాఫిక్స్ కార్డ్ బరువైనది. బోర్డుకి తగిలించి పంపితే దాని బరువుకే చోటు విరిగిపోవచ్చు. దాన్ని విప్పి, దాని పెట్టెలోనే పెట్టి, చేతి సంచిలో తీసుకెళ్లాలి. అందుకే పెట్టెలన్నీ మంచం కింద దాచాం. బిల్లులు కూడా దాచాం, వారంటీకి అవే ఆధారం. మదర్‌బోర్డు కొంటే దుకాణంలోనే మూత తీసి చూడండి. ఏఎమ్5లో సన్నని సూదులు బోర్డు మీదే ఉంటాయి. ఒక్కటి వంగినా పని జరగదు, తర్వాత అది ఎవరి తప్పో తేల్చలేరు.

బిగించడానికి ఒక స్క్రూడ్రైవర్, నాలుగు గంటలు పట్టాయి. రియాద్ గాలి చాలా పొడి. తివాచీ మీద నడిచి తలుపు పిడి పట్టుకుంటే చిన్న మెరుపు తగులుతుంది. ఆ మెరుపు ర్యామ్‌ని చంపగలదు. అందుకే రాతి నేల మీద, భోజనాల బల్ల దగ్గర, ప్రతిసారీ క్యాబినెట్ ఇనుమును ముట్టుకుని పని చేశాడు.

మీట నొక్కాడు. ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగా ఉంది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. వాడి ముఖం తెల్లబోయింది. ఏఎమ్5 బోర్డు మొదటిసారి కొత్త ర్యామ్‌ని పరీక్షించుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటుంది, మధ్యలో ఆపకండి అని నిజామాబాద్ తమ్ముడు ముందే చెప్పాడు. నేను వాడి చేయి పట్టుకుని కూర్చున్నాను. నాలుగో నిమిషం దాటాక అక్షరాలు వచ్చాయి.

ఏసీ ఉన్న గదిలో ఆట ఆడుతుంటే ప్రాసెసర్ 72 డిగ్రీలు చూపింది. తర్వాత పరీక్ష కోసం ఏసీ ఆపాం. గంటలో గది 33కి, ప్రాసెసర్ 82కి చేరాయి. దాని హద్దు 95, అది దాటకుండా తనే వేగం తగ్గించుకుంటుంది. ఇంకో పంక కావాలని వాడు అంటున్నాడు. వడపోత కడిగి మళ్లీ చూద్దామని నేను అంటున్నాను. ఈ మాట ఇంకా అవ్వ దాకా వెళ్లలేదు. వాడు తెలుగులో కారణాలు సిద్ధం చేసుకుంటున్నాడు.