ట్యాబ్ చేతికిస్తే చాలా? అపోహలు – వాస్తవాలు

'మీ పిల్లల స్థాయికి తగిన చదువు' అన్న మాట లేని స్కూలు బ్రోచర్ ఇప్పుడు దొరకడం కష్టం. పక్కనే ట్యాబ్ పట్టుకుని నవ్వే పిల్లాడి ఫొటో. ఆ మాటలో నిజం లేకపోలేదు. దాన్ని పట్టుకుని పుట్టిన అపోహలే ఎక్కువ.

అపోహ: తలా ఒక ట్యాబ్ ఇస్తే ఎవరికి తగ్గ చదువు వాళ్లకు అందినట్టే.

వాస్తవం: 'వన్ ల్యాప్‌టాప్ పర్ చైల్డ్' పథకం కింద పెరూ ప్రభుత్వం బడిపిల్లలకు లక్షల ల్యాప్‌టాప్‌లు పంచింది. గణితంలోగానీ భాషలోగానీ పిల్లలు మెరుగుపడినట్టు కనిపించలేదని 2012లో వెలువడిన అధ్యయనం తేల్చింది. యంత్రాలొచ్చాయి, బోధన మారలేదు. అందరికీ ఒకే వీడియో చూపించే స్మార్ట్ బోర్డూ అంతే. పిల్లాడు చెప్పిన జవాబును బట్టి తర్వాతి ప్రశ్న మారితేనే అది స్థాయికి తగ్గ చదువు.

అపోహ: 7వ తరగతి పిల్లలకు 7వ తరగతి పాఠమే చెప్పాలి. వెనక్కి వెళ్తే సిలబస్ ఎప్పటికి పూర్తయ్యేను?

వాస్తవం: సిలబస్ పూర్తవుతుంది, పిల్లలే ఎక్కడో ఆగిపోతారు. ఢిల్లీలో 'మైండ్‌స్పార్క్' సాఫ్ట్‌వేర్‌పై కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనిమియన్ చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. అందులో ఒకే తరగతిలో కూర్చున్న పిల్లల అసలు స్థాయిల మధ్య ఐదారు తరగతుల తేడా కనిపించింది. 6వ తరగతి పిల్లలు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. టీచరు ఏ స్థాయిలో చెప్పినా చాలామందికి అది అందనట్టే లెక్క. బడి అయ్యాక సాఫ్ట్‌వేర్ ఎవరిని వాళ్లున్న చోటి నుంచే నడిపిస్తే, నాలుగున్నర నెలల్లోనే గణితంలో, హిందీలో స్పష్టమైన ముందడుగు కనిపించింది. అయితే బడిలో పెట్టే గణితం పరీక్షల్లో మార్కులు చెప్పుకోదగ్గంత పెరగలేదు. భాగహారం దగ్గర ఆగినవాడు భాగహారం నేర్చుకున్నాడు. పరీక్షలో అడిగింది బీజగణితం. ప్రోగ్రెస్ కార్డు మాత్రమే చూసే తల్లిదండ్రులకు ఈ ఎదుగుదల కనపడదు, పాపం ఆ పిల్లాడికి తిట్లూ తప్పవు.

అపోహ: సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది, ఇక టీచరెందుకు?

వాస్తవం: ఆ ఢిల్లీ అధ్యయనం జరిగిన కేంద్రాల్లో పిల్లలు 45 నిమిషాలు కంప్యూటర్ ముందు కూర్చుంటే, ఇంకో 45 నిమిషాలు చిన్న గుంపుగా ఒక మనిషి దగ్గర కూర్చున్నారు. ఫలితం ఆ రెండూ కలిపి ఇచ్చిందే. ఉదాహరణకు 3.4, 3.27లో ఏది పెద్దదని అడిగితే కొందరు 3.27 అంటారు, నాలుగు కన్నా ఇరవై ఏడు ఎక్కువ కదా అని. మరికొందరికి జవాబు సరిగ్గానే వస్తుంది, కానీ చుక్క తర్వాత అంకెలు ఎక్కువుంటే సంఖ్య చిన్నదన్న తప్పుడు లెక్కతో. ఈ తేడాను పట్టివ్వడంలో మంచి సాఫ్ట్‌వేర్ దిట్ట. పట్టిచ్చాక ఆ పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని సరిదిద్దేది టీచరే.

అపోహ: మా వాడు చూసి నేర్చుకునే రకం, వాడికి వీడియోలే ఇవ్వాలి.

వాస్తవం: పిల్లల్ని ఇలా 'రకాలు'గా విడగొట్టి బోధిస్తే మేలన్నదానికి తగిన ఆధారం లేదని పరిశోధకుడు పాష్లర్ బృందం 2008లోనే చెప్పింది. ఆ పిల్లాడికి ఇప్పటికే ఏమి వచ్చో చూడండి, అదే ముఖ్యం.

అపోహ: ఇదంతా కంప్యూటర్లొచ్చాక పుట్టిన ఆలోచన.

వాస్తవం: మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం పల్లెల్లోని చిన్న బడుల్లో కార్డులతోనే ఈ పని చేసింది. ఒకే గదిలో పలు తరగతుల పిల్లలు, గోడమీద మెట్లుమెట్లుగా పాఠాల పట్టిక. ఎవరి మెట్టు దగ్గరి కార్డు వాళ్లు తీసుకుంటారు. కర్ణాటక 'నలి కలి' బోధనా పద్ధతి ఇక్కడి నుంచే స్ఫూర్తి పొందింది. కంప్యూటర్ లేదన్న సాకు చెల్లదన్నమాట.

ఈసారి అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు ట్యాబ్ ఏ కంపెనీదని అడక్కండి. 'మా పిల్ల ఎక్కడ ఆగిందో ఆ రిపోర్టు ఎవరు చూస్తారు? చూశాక మర్నాడు క్లాసులో ఏం మారుస్తారు?' అని అడగండి.