ఒడ్డుకీ పంటుకీ మధ్య బారెడు ఖాళీ

పంటు మీదికి బండి ఎక్కించారా ఎప్పుడైనా? నరసాపురం నుంచి సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది వెళ్లినవాళ్లకి అనుభవమే. మనకు దగ్గర్లో చూడాలంటే రేపల్లె నుంచి పెనుమూడి వారధి దాటి, అవనిగడ్డ మీదుగా నాగాయలంక వైపు వెళ్లండి. కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట ఎదురుమొండి దీవి ఉంది. ఏటిమొగ రేవులో పంటు ఎక్కితేనే అవతల దీవి. వంతెన కావాలని అక్కడివాళ్లు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు.

ఏరు దాటడం నిమిషాల పని. కష్టమంతా ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూనే. పోటు మీద ఉంటే పంటు అంచు ఒడ్డుకి సమానంగా వచ్చి నిలుస్తుంది, నడిచి వెళ్లిపోవచ్చు. ఆటు మొదలయ్యాక అదే పంటు కిందికి దిగిపోతుంది. ఒడ్డు మీద బురద, బురదలోంచి పంటు మీదికి ఒక బల్ల. ఆ బల్ల మీద పాల క్యాను పట్టుకున్న మనిషి నడవాలి, కాన్పుకి వెళ్లే అమ్మాయి నడవాలి, వెనక ఒకరు తోస్తుంటే మోటారు సైకిలు ఎక్కాలి. తడిసిన చెక్క ఎంత జారుతుందో చెప్పనక్కర్లేదు.

పెనుమూడి - పులిగడ్డ వారధి వచ్చాక మనవైపు ఈ సంగతి మరిచిపోయాం. అంతకుముందు రేపల్లె నుంచి దివిసీమ వెళ్లాలంటే రేవే దిక్కు. ఇంట్లో తాతయ్యనో అమ్మమ్మనో కదపండి, కథలు కథలుగా చెబుతారు. కృష్ణకి ఎగువన మాదిపాడు దగ్గర బల్లకట్టు, గోదావరి పాయ మీద కోటిపల్లి - ముక్తేశ్వరం రేవు... ఎక్కడ చూసినా చిక్కు ఒకటే. ఒడ్డు కదలదు, పంటు నిలవదు. ఆ రెంటికీ మధ్య బారెడు ఖాళీ.

ఆ ఖాళీని పూడ్చే వస్తువే ఎత్తు మార్చుకునే ర్యాంపు. ఉద్యోగాల పేజీలో ఈ ర్యాంపు గోలేమిటి అనుకుంటున్నారా? అక్కడికే వస్తున్నాను.

బీటెక్ నాలుగో ఏడో, డిప్లొమా చివరి సంవత్సరమో చదువుతుంటే మీకు ప్రాజెక్టు ఉంటుంది. చాలామంది ఏం చేస్తున్నారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. నలుగురు కలిసి డబ్బులు వేసుకుని, తయారుగా అమ్మే మోడలొకటి కొనుక్కొచ్చి, రిపోర్టు బైండింగ్ చేయించి ఇచ్చేస్తున్నారు. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది. ‘ఈ కొలత ఎందుకు తీసుకున్నావు?’ అని అడగ్గానే నోట మాట రాదు. కొన్న ప్రాజెక్టు బయటపడేది మార్కుల దగ్గర కాదు, అక్కడ.

మీ ఊరి రేవుకో, లంకకు వెళ్లే పడవకో ఒక ర్యాంపు గీసి చూడండి. చూడ్డానికి ఇనుప పలకే. లెక్క మొదలుపెడితే మెకానికల్, సివిల్ సిలబస్‌లో సగం అందులోంచి బయటికొస్తుంది.

వాలుతోనే మొదలుపెడదాం. ర్యాంపు పొడవు 6 మీటర్లు, ఒడ్డుకంటే పంటు 1 మీటరు కింద ఉందనుకోండి. వాలు 9.6 డిగ్రీలు వస్తుంది. నడవొచ్చు, బండి తోయొచ్చు. నీళ్లు ఇంకో మీటరు దిగితే అది 19.5 డిగ్రీలు. తడి ఇనుము మీద అంత వాలు అంటే చంటిబిడ్డను ఎత్తుకున్నవాళ్లు నడవలేరు. చక్రాల కుర్చీకైతే 12 మీటర్ల పొడవుకి 1 మీటరు ఎత్తు మించకూడదన్నది సాధారణంగా పాటించే కొలత. అంటే 2 మీటర్ల తేడాకి 24 మీటర్ల ర్యాంపు కావాలి! దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది, రవాణా సౌకర్యాలు అందరికీ అందేలా ఉండాలని చెప్పింది. మన రేవుల్లో ఆ మాట ఇంకా బల్ల దగ్గరే ఆగిపోయింది.

తర్వాత ముడి. 6 మీటర్ల ర్యాంపు పడుకుని ఉన్నప్పుడు 6 మీటర్ల నేలను కప్పుతుంది. 2 మీటర్లు వాలితే 5.66 మీటర్లే కప్పుతుంది. నీళ్లు దిగేకొద్దీ కొస 34 సెంటీమీటర్లు జరుగుతుందన్నమాట. రెండు చివర్లా బోల్టులు బిగించేస్తే బోల్టన్నా తెగాలి, పలకన్నా వంగాలి. అందుకే ఒడ్డు వైపు కీలు పెట్టి, పంటు వైపు కింద చక్రాలు వేసి దొర్లనిస్తారు. పైన అడుగు తట్టుకోకుండా చిన్న రేకు మూత. వినడానికి ఇంతే. కానీ ‘ఒక చివర కీలు, ఒక చివర రోలర్’ అని మీరు రెండో ఏడాది బోర్డు మీద చూసిన బొమ్మ ఇదే. ఎందుకు గీశారో అప్పుడు ఎవరూ చెప్పి ఉండరు.

ఇక నాకు బాగా నచ్చిన లెక్క. 12 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ఉన్న పెట్టె ఆకారపు పంటు తీసుకోండి. నీటి మీద దాని వైశాల్యం 60 చదరపు మీటర్లు. సరిగ్గా మధ్యలో 1 టన్ను బరువు పెడితే పంటు మొత్తం సుమారు 1.7 సెంటీమీటర్లు దిగుతుంది. ఆ టన్నునే ఒక అంచున పెట్టండి. ఆ అంచు దాదాపు 6.7 సెంటీమీటర్లు మునుగుతుంది, అంటే నాలుగింతలు. అవతలి అంచు 3.3 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. వాహనం ఎక్కేది అంచు నుంచే కదా! 2 టన్నుల ట్రాక్టరు ముందు చక్రాలూ వెనక చక్రాలూ పంటు మీదికి వచ్చిన ఆ క్షణంలో అంచు సుమారు అర జానెడు కుంగుతుంది, మధ్యకి వెళ్లగానే మళ్లీ లేస్తుంది. ర్యాంపు ఆ కదలికను అనుసరించాలి. అనుసరించకపోతే కొసకీ పంటుకీ మధ్య మెట్టు ఏర్పడుతుంది, సరిగ్గా అక్కడే బండి చక్రం తన్నుకుంటుంది.

ఇంకోటి కూడా చూడండి. పంటు మీదికి వచ్చిన బండివాడు కంగారుగా బ్రేకు వేస్తే, ఆ ఊపుకి పంటు ఏటి వైపు జరుగుతుంది. ర్యాంపు కొస పంటు మీద ఎంత మేర ఆని ఉందో అంత మేరే మనకి ప్రాణం. అందుకే ముందు రెండు వైపులా తాళ్లు బిగించి, ఆ తర్వాతే బండ్లు ఎక్కించాలి. అనుభవమున్న సరంగు ఈ మాట చదువుకోకపోయినా చేస్తాడు. మీరు దాన్ని లెక్కగట్టి చూపించగలిగితే అది ఇంజినీరింగ్.

ఎత్తు మార్చడం ఎలా? హైడ్రాలిక్ సిలిండర్లు అని వెంటనే రాసేయకండి. రేవులో కరెంటు ఉంటుందో ఉండదో, ఉప్పునీళ్లలో సీళ్లు పాడైతే మార్చేవాడు ఎక్కడున్నాడో ముందు ఆలోచించాలి. 400 కిలోల ర్యాంపుకి ఒక చివర కీలు ఉంటే, రెండో చివర ఎత్తడానికి 200 కిలోల బలం కావాలి. దాన్ని చేత్తో తిప్పే వించితో లేపొచ్చు, చైన్ పుల్లీతో లేపొచ్చు. అన్నిటికంటే తేలిక మన ఏతాం పద్ధతి. వెనక వైపు 180 కిలోల లాగుడు వచ్చేలా బరువు కట్టండి, ఇక మనిషి లాగాల్సింది 20 కిలోలే. పొలాలకు నీళ్లు తోడిన పాత పరికరంలో ఇంత మంచి జవాబు ఉంది. నన్నడిగితే చిన్న రేవులకి ఇదే మేలు.

ఇనుము సంగతి మరవొద్దు. నీళ్లు రోజుకి రెండుసార్లు తడిపి ఆరబెట్టే చోట ఇనుమును తుప్పు తింటుంది. జింకు పూత, నీటిలో ఉండే భాగానికి తనే కరిగి ఇనుమును కాపాడే జింకు దిమ్మలు, కీలు పిన్నుకి గ్రీజు ఎక్కించే రంధ్రం, కాలు జారని గళ్ల రేకు. వెల్డింగ్ చేసే మనిషి దగ్గర గంట కూర్చుంటే పుస్తకంలో లేనివి తెలుస్తాయి. ఇనుప తుక్కుతో విగ్రహాలు చేసి దేశదేశాలకు పేరు పంపిన తెనాలి పక్కనే ఉండి, వెల్డింగ్ షాపు గుమ్మం తొక్కకుండా మెకానికల్ పట్టా తీసుకోవడం ఏం బాగుంటుంది చెప్పండి.

ఇదంతా పెద్ద ఎత్తున చేసినవాళ్లు దేశంలోనే ఉన్నారు. కొచ్చి వాటర్ మెట్రో 2023 ఏప్రిల్ 25న మొదలైంది. అక్కడ ప్రయాణికులు నిలబడే జెట్టీయే నీటి మీద తేలుతుంది. పోటైనా ఆటైనా జెట్టీ, పడవ కలిసే లేస్తాయి, కలిసే దిగుతాయి. చక్రాల కుర్చీ నేరుగా పడవలోకి వెళ్లిపోతుంది. వాలు మారేది ఒడ్డు నుంచి జెట్టీకి వేసిన దారిలో మాత్రమే. చిక్కును పడవ అంచు నుంచి తీసి, పొడవైన దారి మీదికి మార్చారు, అదీ కిటుకు. గుజరాత్‌లో ఖంభాత్ సింధుశాఖ దగ్గర ఆటుపోట్ల తేడా మన తీరానికి ఎన్నో రెట్లు. అక్కడ ఘోఘా రేవులో లారీలు ఓడలోకి ఎక్కడానికి లింక్‌స్పాన్ అనే కదిలే వంతెన కట్టాల్సి వచ్చింది. మన ఏతాం ర్యాంపుకి పెద్దన్న అనుకోండి.

మనవైపు ఏముంది? కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలువలు, గోదావరి, కృష్ణా కలిపి 2008లో జాతీయ జలమార్గం-4గా ప్రకటించారు. అప్పటి లెక్క 1,078 కిలోమీటర్లు. అందులో 113 కిలోమీటర్లు మన కొమ్మమూరు కాలువే. పేరాల, చీరాల దాటాక పెదగంజాం దగ్గర అది బకింగ్‌హాం కాలువతో కలుస్తుంది. మీ తాతల కాలంలో ఈ కాలువల్లో సరుకు పడవలు తిరిగాయి. మళ్లీ తిరుగుతాయా అంటే, పనులు నత్తనడకన ఉన్నాయి కాబట్టి దాన్నే నమ్ముకుని కూర్చోమని నేను చెప్పను. కానీ పడవల మీద నిఘా మాత్రం పెరిగింది. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం దగ్గర, 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర జరిగిన ప్రమాదాలు మీకు గుర్తుండే ఉంటాయి. 1917 నాటి పాత చట్టం పోయి, 2021లో అంతర్గత నౌకల చట్టం వచ్చింది. పడవకి సర్వే, రిజిస్ట్రేషను, నడిపేవాళ్లకి యోగ్యతా పత్రం ఇప్పుడు దాని కిందే. కొలతలు తీసి, లెక్కగట్టి, సంతకం పెట్టగల మనుషుల అవసరం అక్కడ ఉంది.

ఒక్కటి నిజాయితీగా చెప్పాలి. ‘ర్యాంపు డిజైనర్ కావలెను’ అని ఎవరూ ప్రకటన ఇవ్వరు. ఆ పని వేరే పేర్లతో ఉంటుంది. నౌకా నిర్మాణం, సముద్ర కట్టడాలు, రేవుల డిజైను, ఫ్యాబ్రికేషన్, సర్వే. ఇంటర్ ఎంపీసీ చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ మీ ఇంట్లో ఉంటే ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ విశాఖ క్యాంపస్ గురించి చెప్పండి. నేవల్ ఆర్కిటెక్చర్ అండ్ ఓషన్ ఇంజినీరింగ్ బీటెక్‌కి ప్రవేశం ఐఎంయూ సెట్ ద్వారా. మీరు ఇప్పటికే సివిలో మెకానికలో చేస్తుంటే గేట్ రాసి ఐఐటీ మద్రాసు, ఖరగ్‌పూర్‌లలో ఓషన్ ఇంజినీరింగ్ ఎంటెక్ వైపు వెళ్లొచ్చు. గేట్‌లో 2022 నుంచి నేవల్ ఆర్కిటెక్చర్ అండ్ మెరైన్ ఇంజినీరింగ్ పేపరు కూడా వచ్చింది. డిప్లొమా, ఐటీఐ వాళ్లు విశాఖలో హిందుస్థాన్ షిప్‌యార్డు, కొచ్చిన్ షిప్‌యార్డు అప్రెంటిస్ ప్రకటనలు చూస్తుండాలి. లోతట్టు జలమార్గాల్లో పడవ నడిపే శిక్షణకి పట్నాలో నేషనల్ ఇన్‌ల్యాండ్ నావిగేషన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది.

మధ్యలో ఒక హెచ్చరిక. ‘షిప్పులో ఉద్యోగం, మూడు లక్షలు కట్టు చాలు’ అనే ఏజెంట్లు మన ఊళ్లలోనూ తిరుగుతున్నారు. ఓడల్లోకి మనుషుల్ని తీసుకునే ఏజెన్సీకి డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ లైసెన్సు ఉండాలి, ఆ జాబితా వాళ్ల దగ్గరే చూసుకోవచ్చు. ఉద్యోగం ఇప్పించినందుకు మీ దగ్గర డబ్బు తీసుకోవడం నిబంధనలకు విరుద్ధం. డబ్బు అడిగారంటే లేచి వచ్చేయండి.

సరే, ప్రాజెక్టు ఎలా మొదలుపెట్టాలి? ఒక ఆదివారం చాలు. నిజాంపట్నం వైపో, ఏటిమొగ వైపో వెళ్లి రేవు పక్కన నీళ్లలో ఒక వెదురు గడ పాతండి. దాని మీద 10 సెంటీమీటర్లకొక గీత పెయింటుతో ముందే గీసుకోండి. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా అరగంటకోసారి నీటిమట్టం రాసుకోండి. రెండు పోట్ల మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు ఉంటాయి కాబట్టి ఆ రోజు ఎత్తూ లోతూ రెండూ దొరుకుతాయి. అమావాస్యకి ఒకసారి, అష్టమికి ఒకసారి వెళితే తేడా తెలుస్తుంది. ఈ తిథుల లెక్క అక్కడి వేటగాళ్లకి కంఠతా వచ్చు, అడిగి రాసుకోండి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఇచ్చే ఆటుపోట్ల అంచనాతో మీ అంకెలు పోల్చి చూడండి. వరద సంగతి వేరే. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు వదిలారు, కట్లు తెంచుకుని కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీ గేట్లను ఢీకొన్నాయి. అలాంటి రోజున మీ ర్యాంపుని పైకెత్తి కట్టేయాలా, ఊడదీసి గట్టెక్కించాలా అన్నది డ్రాయింగులోనే రాసి ఉండాలి.

గడ పాతేముందు రేవు నడిపేవాళ్లకి ఒక మాట చెప్పండి. లైఫ్ జాకెట్ వేసుకోండి, ఒక్కరే వెళ్లకండి. ఒండ్రులో కాలు దిగితే పైకి రావడం తేలిక కాదు.