బ్యాటరీ తీగలు తారుమారైనచో చేయవలసిన పనులు

మృగశిర కార్తె సమీపింపగానే వరంగల్లు ప్రాంతపు పల్లెలలో వేసవియంతయు కొట్టములందు నిలిచియున్న ట్రాక్టర్లు బయటికి వచ్చును. చార్జింగు కొరకు తీసిన బ్యాటరీలను మరల బిగించునది ఈ దినములలోనే. ధన ధ్రువమునకు పోవలసిన తీగను ఋణ ధ్రువమునకును, దానిని దీనికిని తగిలించు పొరపాటు జరుగునదియు అప్పుడే. తొలకరి పదును ఎన్నో దినములు నిలువదు. ఆ పదునులో బండి కదలకున్నచో ప్రత్తి విత్తుట వెనుకబడును. కావున ఇట్టి పొరపాటువలన ఏవి చెడును, ఏవి చెడవు, ఏ వరుసను పరీక్షింపవలెను అను సంగతులను మన సభ్యుల ఉపయోగార్థము ఇందు వ్రాయుచున్నాము.

ట్రాక్టరు బ్యాటరీ 12 వోల్టులది. దానియందు ఆరు గదులుండును. ఒక్కొక్క గదికి రమారమి 2 వోల్టుల శక్తి కలదు. ఈ జాతి సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశస్థుడగు గాస్టన్ ప్లాంటే కనిపెట్టెను. గుండ్రని కొమ్ములు గల బ్యాటరీలో ధన ధ్రువపు కొమ్ము కొంచెము లావు. ఋణ ధ్రువపు కొమ్ము కొంచెము సన్నము. దుమ్ముచేత గుర్తులు కనబడనప్పుడు ఈ భేదము అక్కరకు వచ్చును. ఇప్పటి బండ్లలో ఋణ ధ్రువము బండి ఇనుమునకు కలుపబడియుండును. 1960వ దశకమునకు పూర్వపు ఇంగ్లండు బండ్లు పెక్కింటిలో ధన ధ్రువమునే ఇనుమునకు కలుపుచుండిరి. మిక్కిలి పాత బండి గలవారు దీనిని గమనించి మరీ తీగలు బిగింపవలెను.

తీగలు తారుమారైనచో మొదట దెబ్బతినునది ఆల్టర్నేటరు. ఇంజను తిరుగునప్పుడు బ్యాటరీని నింపునది ఇదియే. దీనిలో డయోడులను చిన్న భాగములు కలవు. బావిలోని పంపునకు ఫుట్‌వాల్వు ఎట్టిదో ఆల్టర్నేటరునకు డయోడు అట్టిది. ఫుట్‌వాల్వు నీటిని పైకి పోనిచ్చి క్రిందికి జారనీయదు. డయోడు విద్యుత్తును ఒక వైపునకే పోనిచ్చును. తీగలు తారుమారైనప్పుడు మూసియుండవలసిన ఆ ద్వారము తెరచుకొనును. బ్యాటరీ బలమంతయు ఒక్కసారిగా దానిగుండా పారి, ఫ్యూజైనను డయోడులైనను కాలిపోవును. రెండవ తీగ తాకింపగానే పెద్ద మెరుపు మెరయుట, తీగలు వేడెక్కుట, పొగ వచ్చుట దీని గుర్తులు.

డీజిలు ఇంజను మాత్రము ఇందువలన చెడదు. డీజిలు మండుటకు నిప్పురవ్వ అక్కరలేదు. గాలిని బిగియ నొక్కగా పుట్టిన వేడిచేతనే అది మండును. సెల్ఫు మోటారు విషయమున ఒక చిత్రమున్నది. చుట్లు చుట్టిన పాత పద్ధతి మోటారు, తీగలు తారుమారైనను, ఎప్పటి దిక్కునకే తిరుగును. కాబట్టి సెల్ఫు తిరిగినంతమాత్రమున తీగలు సరిగా ఉన్నవని తలపరాదు. శాశ్వతపు అయస్కాంతము గల క్రొత్త మోటారైనచో వ్యతిరేక దిక్కునకు తిరిగి ఇంజనును కదలింపజాలదు.

పొరపాటు తెలిసిన వెంటనే తాళము మూసి, బండి ఇనుమునకు పోవు తీగను ముందుగా విప్పి, పిదప రెండవదానిని విప్పవలెను. ఈ వరుస పాటించినచో పానా ఇనుమునకు తాకినను మెరుపు పుట్టదు. బ్యాటరీనుండి వెలువడు వాయువు నిప్పు తగిలిన ప్రేలును. కావున బీడీయు అగ్గిపుల్లయు దరికి రానీయరాదు. ఆమ్లము మీద పడినచో వెంటనే నీటితో చాలసేపు కడుగవలెను. కంట పడినచో కడిగిన పిమ్మట వైద్యునికడకు పోవలెను.

ఇక పరీక్షల వరుస. ఖర్చు లేనివానిని ముందును, ఖర్చు గలవానిని వెనుకను చూడవలెను.

మొదటిది బ్యాటరీ. మీటరుతో చూడగా 12.6 వోల్టులున్నచో నిండుగా ఉన్నట్లు, 12.2 ఉన్నచో సగము. 12కు తగ్గినచో మరల నింపవలెను. మీటరు ఎర్ర తీగను ధన ధ్రువమునకు తాకించినను ఋణ గుర్తు చూపినచో, చార్జింగునందే ధ్రువములు మారినవని తెలియవలెను. అట్టి బ్యాటరీని బండికి బిగింపరాదు.

రెండవది ఫ్యూజులు. కాలిన ఫ్యూజు స్థానమున అన్నియే ఆంపియర్లు గలదానిని వేయవలెను. రాగి తీగ చుట్టినచో తరువాతి పొరపాటునకు బండి తీగలన్నియు కాలును. కొన్ని బండ్లలో డీజిలు దారిని విద్యుత్తుతో తెరచు సాధనముండును. దాని ఫ్యూజు పోయినచో సెల్ఫు చక్కగా తిరుగును గాని ఇంజను అందుకొనదు. ఇంజను విప్పకమునుపు దీనిని తప్పక చూడవలెను.

మూడవది ఆల్టర్నేటరు. నల్ల తీగను బిగించి, తాళము మూసియుంచి, ధన ధ్రువమునకును ఎర్ర తీగకును నడుమ 12 వోల్టుల బల్బు నొకదానిని కలుపవలెను. బల్బు వెలుగకున్నను, లేశముగా వెలిగినను భయము లేదు. నిండుగా వెలిగినచో డయోడులు కాలి కలిసిపోయియుండవచ్చును. అప్పుడు బ్యాటరీని విప్పి, ఆల్టర్నేటరు లావుతీగను తీసి, దాని కొనకు టేపు గట్టిగా చుట్టి, మరల బల్బుతో చూడవలెను. వెలుగు ఆగినచో దోషము ఆల్టర్నేటరుదే.

ఇచ్చట ముఖ్యమైన సంగతి యొకటి కలదు. పాత పద్ధతి డీజిలు ట్రాక్టరు ఆల్టర్నేటరు లేకున్నను పగటిపూట దున్నగలదు. రాత్రి బ్యాటరీని నింపుకొని, దీపములు వాడక, పదును పోకముందే విత్తనపు పని ముగించుకొని, పిమ్మట మరమ్మతు చేయించుకొనవచ్చును. అయితే నీటిపంపు, ఫ్యాను బెల్టులను మాత్రము తీయరాదు. కంప్యూటరు పెట్టెతో నడచు క్రొత్త బండ్లకు ఈ ఉపాయము తగదు; వానిని తెలిసిన మెకానిక్కునకే చూపవలెను.

నాల్గవది, అన్నియు సరిచేసి ఇంజను నడపినప్పుడు బ్యాటరీకడ 13.8 మొదలు 14.4 వోల్టులవరకు రావలెను. 12 దగ్గరనే నిలిచినచో ఆల్టర్నేటరు నింపుట లేదు. ఇంజను తిరుగుచుండగా బ్యాటరీ తీగ తీసి చూచు అలవాటు కొందరికి కలదు. అది బాగున్న డయోడులను సైతము చంపును.

పెట్రోలు ఇంజనులకు నిప్పురవ్వ కావలెను. మందు కొట్టు పవరు స్ప్రేయరుకు ఆ రవ్వ మాగ్నెటోనుండి వచ్చును. బ్యాటరీతో దానికి పని లేదు. చెరువులలో పడవకు తగిలించు మోటార్లలోను పెక్కింటికి ఇదే పద్ధతి. అట్టివానిలో బ్యాటరీ తారుమారైనచో సెల్ఫు పనిచేయకపోవచ్చును, బ్యాటరీ నిండకపోవచ్చును. కాని త్రాడు లాగినచో ఇంజను అందుకొనుట కలదు. త్రాడు లాగినను రవ్వ రాకున్నచో ముందుగా ఆపు స్విచ్చి తీగ ఎచ్చటనైన కాలి ఇనుమునకు తాకుచున్నదేమో చూచి, ఆ పిమ్మటనే ఇగ్నిషన్ పెట్టెను అనుమానింపవలెను. బ్యాటరీతోనే రవ్వ పుట్టు మోటార్లలో మాత్రము ఆ పెట్టెయే కాలుట సంభవము.

బ్యాటరీ తీయునప్పుడే ధన ధ్రువపు తీగకు ఎర్ర రంగు పూయుడు. చేతి ఫోనుతో ఒక ఛాయాచిత్రము తీసికొనుడు. బిగించునప్పుడు ధన తీగ ముందు, ఇనుము తీగ వెనుక. ప్రతి గ్రామమున సభ్యులు కొందరు కలిసి ఒక మీటరును, ఒక పరీక్షా బల్బును ఉంచుకొన్నచో, ఒకరికి వచ్చిన చిక్కు పదిమంది తెలివితో ఆ పూటనే తీరును. సహకారమునకు ప్రయోజనము ఇదియే గదా!