అమరావతి రాయి: శిల్పమైంది ఎందుకు, సున్నమైంది ఎలా?

అమరావతి స్తూపం చూసి వచ్చినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: అంత పెద్ద స్తూపం ఉండేదంటారు, మరి అక్కడ మట్టిదిబ్బ, నాలుగు రాళ్లు తప్ప ఏమీ లేవేం? జవాబు ఆ రాయిలోనే ఉంది.

చాలామంది దాన్ని పాలరాయి అనుకుంటారు. కాదు, అది పల్నాటి సున్నపురాయి. నల్లపాడు జంక్షన్‌లో రైలెక్కితే సత్తెనపల్లి మీదుగా పిడుగురాళ్ల చేరతాం. అక్కడి సున్నపు బట్టీలకు ఆధారం ఈ జాతి రాయే. దాచేపల్లి, మాచర్ల వైపు నుంచి వచ్చి మన ఇళ్లలో పరుచుకున్న నాపరాయిదీ అదే కుటుంబం. నాపరాయి మీద నిమ్మరసం ఒలికి కాసేపు ఉంటే అక్కడ మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. పులుపు సున్నపురాయిని తింటుంది కాబట్టి.

దీన్నే శిల్పులు ఎందుకు ఎంచుకున్నారు? ఈ రాయి పొరలు పొరలుగా ఉంటుంది, పలకలుగా చీలుతుంది. రేణువు సన్నం. గ్రానైట్ కంటే ఎంతో మెత్తన. అందుకే గుర్రం కళ్లెం, స్త్రీల నడుముకున్న మేఖల, జనం గుంపులో ఒక్కొక్క ముఖం ఇనుప ఉలికి లొంగాయి. మొదట్లో ఇక్కడ చెక్కని గ్రానైట్ స్తంభాలూ నిలబెట్టారు. శాతవాహనుల కాలంలో, ముఖ్యంగా క్రీ.శ. 2వ శతాబ్దంలో, ఈ సున్నపురాయి ప్రాకారం లేచింది. స్తూపం అంతా రాయి కాదు. లోపల మట్టి, ఇటుక; పైన చెక్కిన పలకల తొడుగు. అడ్డుకొలత సుమారు 50 మీటర్లు. ఇంత రాయి ఎలా చేరింది? పక్కనే కృష్ణ ఉంది. పడవల మీద తెచ్చి ఉంటారన్నది నమ్మదగ్గ ఊహ.

ఇక ప్రశ్నలో రెండో సగం: ఆ రాయి సున్నమైంది ఎలా? సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోయి సున్నం మిగులుతుంది. మలినం తక్కువున్న రాయి అయితే సున్నం తెల్లగా వస్తుంది. అంటే చెక్కడానికి అనువైన రాయే బట్టీకీ అనువైంది. 18వ శతాబ్దం చివర రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతికి రాజధాని మార్చాక కొత్త కట్టడాల కోసం దిబ్బను తవ్వి ఇటుకలు, పలకలు తీశారు. కొన్ని పలకలు సున్నమయ్యాయి. రెండు వేల ఏళ్ల నాటి చేతిపని గోడల మధ్య అడుసుగా మారిందంటే నాకు ఈనాటికీ మనసు ఒప్పదు. అయితే ఆనాటి మనుషులకు అది ఊరి పక్కన సిద్ధంగా దొరికిన మంచి రాయి, అంతే. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. తర్వాత అతని బృందం ఆ పలకల బొమ్మలు గీసింది. 1845లో మరో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. మిగిలిన పలకలు ఎక్కువగా చెన్నై ఎగ్మూరు మ్యూజియానికి, 120కి పైగా లండన్ బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి.

ఎలా చూడాలి? దిబ్బ దగ్గర ఆగిపోకండి. పక్కనున్న పురావస్తు మ్యూజియానికి వెళ్లి, స్తూపం బొమ్మనే చెక్కిన పలక కోసం వెతకండి. ప్రాకారం, నాలుగు దిక్కులా ఆయక స్తంభాలనే అయిదేసి నిలువు స్తంభాలు, పైన గుండ్రటి అండం: ఆ కట్టడం ఎలా ఉండేదో ఇవాళ మనకు తెలిసింది ఇలాంటి పలకల వల్లే. రాయిని చేత్తో తాకకండి, చెమటా దానికి మంచిది కాదు. శుక్రవారం మ్యూజియానికి సెలవు.