దెబ్బ తగలకుండానే వేలు కమిలితే

పోయిన పంటలో పురుగు నాలుగో జ్వరం లేచి మేత జోరు మీదుంది. షెడ్డులో కొమ్మలు పరుస్తున్న మా వదిన ఉన్నట్టుండి "అబ్బా" అని చెయ్యి విదిలించింది. సూది పొడిచినంత నొప్పంట. చూస్తుండంగానే చూపుడు వేలు లోపలి పక్క ఉబ్బి, నల్లగా కమిలింది. కొడవలి తగల్లేదు, ముల్లు గుచ్చుకోలేదు. కొమ్మల్లో పామేమో అని అందరికీ భయం. పసరు కట్టమన్నారు కొందరు. మేం ఉంగరం తీసేసి నేరుగా బళ్లారికి తీసకపోయినాం. ఆ పూట మేత ఆలస్యమైంది, కానీలే.

డాక్టరు కాటు గుర్తులు వెతికినారు. గాజు గొట్టంలో రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా పెట్టినారు. రక్తపింజరి కరిస్తే రక్తం గడ్డకట్టదు. ఈమెది గడ్డకట్టింది.

దీన్ని అకెన్‌బాక్ సిండ్రోమ్ అంటారంట. 1958లో ఒక జర్మనీ డాక్టరు దీని గురించి రాసినారు, ఆయన పేరే పెట్టినారు. వేల్లో సన్న రక్తనాళం దానంతటదే చిట్లుతుంది, ఎందుకో ఇప్పటికీ తేలలేదు. నడివయసు దాటిన ఆడవాళ్లకే ఎక్కువ. మందు లేకుండానే కొన్ని రోజుల్లో తగ్గుతుంది, మళ్లీ రావచ్చు కూడా.

అట్లని మల్బరీ తోటలో వేలు నల్లబడితే ఇదేలే అని కూర్చోవద్దు. వాపు పైకి పాకినా, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, వేలు చల్లబడి తెల్లగా పాలిపోయినా, రక్తం పలచనయ్యే మాత్రలు వాడుతున్నా వెంటనే ఆసుపత్రికి పోవాల.

మా వదిన వేలికి చంద్రికల్లో గూళ్లు విడిపించేనాటికి మచ్చ కూడా లేదు.