దైవకణంలో దైవమెక్కడ?

2012 జులై 4న సెర్న్ పరిశోధనశాల ఒక ప్రకటన చేసింది. స్విట్జర్లాండు, ఫ్రాన్సు సరిహద్దున, భూగర్భంలోని 27 కిలోమీటర్ల వలయంలో ప్రోటాన్లను ఢీకొట్టించగా, హిగ్స్ బోసాన్ లక్షణాలు గల కొత్త కణం గోచరించిందని దాని సారాంశం. మన ఇళ్లలో మారుమోగిన పేరు మాత్రం 'దైవకణం'. శాస్త్రజ్ఞులకు దేవుడు దొరికాడని పొంగిపోయినవారున్నారు. భగవంతుణ్ణి యంత్రంలో వెదకడమేమిటని నొచ్చుకున్నవారూ ఉన్నారు. మీరు ఏ పక్షాన నిలిచారో ఒక్కసారి గుర్తు చేసుకోండి.

ఇంతకూ ఆ పేరు ఏ ఋషి పెట్టినదీ కాదు. నోబెల్ గ్రహీత లియాన్ లెడర్‌మాన్ 1993లో డిక్ టెరెసీతో కలిసి వ్రాసిన గ్రంథం శీర్షిక అది. ఎంత వెదకినా చిక్కని ఆ కణాన్ని విసుగుతో ఒక ఆంగ్లపు తిట్టుమాటతో పిలవదలచాననీ, ప్రచురణకర్త ఒప్పుకోలేదనీ ఆయనే అందులో చమత్కరించారు. ఆ తిట్టులో మొదటి సగం దేవుడి పేరు. తోక తెగింది, తల మిగిలింది! 1964లోనే ఈ కణాన్ని ఊహించిన పీటర్ హిగ్స్‌కు ఆ పేరు బొత్తిగా నచ్చలేదు. తాను నాస్తికుడైనా, అది విశ్వాసుల మనసు నొప్పించవచ్చునని ఆయన అభిప్రాయపడ్డారు. ఆ పాటి మన్నన పేరును మోసినవారికి లేకపోయింది.

విశ్వమంతటా వ్యాపించిన హిగ్స్ క్షేత్రం వల్ల ఎలక్ట్రాన్లు, క్వార్కుల వంటి మూలకణాలకు ద్రవ్యరాశి లభిస్తుంది. ఆ క్షేత్రంలో రేగిన అలజడే ఈ కణం. రెప్పపాటులో కోటవ వంతు కూడా నిలవదు. అట్టి దానికి శాశ్వతుని పేరు! 'సర్వానికీ బరువునిచ్చేది' అన్న మాటా పూర్తి సత్యం కాదు. మన దేహభారంలో అత్యధిక భాగం ప్రోటాన్లు, న్యూట్రాన్ల లోపల క్వార్కులను కట్టిపడవేసే శక్తి నుంచి వచ్చినదే.

ఆత్మ అణువుకన్నా సూక్ష్మమని కఠోపనిషత్తు చెప్పింది కదా, అదే ఇది అంటారు కొందరు. అదే మంత్రం ఆత్మను మహత్తుకన్నా మహత్తరమనీ చెబుతుంది. ఆ రెండో సగం ఏ వలయంలో ఇముడుతుంది? విష్ణు సహస్రనామాలు గుణాలను బట్టి ఏర్పడినవని భీష్ముడు ధర్మరాజుకు చెబుతాడు. ఈ కణంలో ఏ దైవగుణాన్ని చూసి ఈ నామమిచ్చారు?

ఇంకొక సంగతి. 'బోసాన్' అన్న మాట మన సత్యేంద్రనాథ్ బోస్ పేరిట డిరాక్ పెట్టినది. 1924లో ఢాకా నుంచి ఐన్‌స్టీన్‌కు బోస్ పంపిన వ్యాసం దానికి మూలం. దైవకణమంటే తెలుసునన్న మీ పిల్లలను, ఆ బోస్ ఎవరో అడిగి చూడండి.