స్మార్ట్‌ఫోనును డెస్క్‌టాప్ కంప్యూటరుగా వాడుట

స్మార్ట్‌ఫోనును తీగ ద్వారా గానీ, తీగ లేకుండా గానీ మానిటరుకు లేదా టీవీకి అనుసంధానించి, కీబోర్డు, మౌసు జతచేసి, దానినే బల్లమీది కంప్యూటరువలె ఉపయోగించు పద్ధతిని డెస్క్‌టాప్ మోడ్ అంటారు. ఫోను తెరను ఉన్నదున్నట్లుగా పెద్ద తెరపై చూపించే మిర్రరింగ్ దీనికి భిన్నమైనది. మిర్రరింగులో నిలువు తెర నిలువుగానే కనబడుతుంది. డెస్క్‌టాప్ మోడ్‌లో మాత్రం పెద్ద తెరపై వేరుగా కిటికీలు, క్రింద టాస్క్‌బారు ఏర్పడతాయి. ఆ సమయములో ఫోను తెరను వేరే పనికి గానీ, మౌసు ప్యాడ్‌గా గానీ వాడుకొనవచ్చును.

== చరిత్ర ==

2011లో మోటరోలా విడుదల చేసిన ఏట్రిక్స్ 4జీ ఈ కోవలో తొలి ప్రసిద్ధ ప్రయత్నము. ల్యాప్‌డాక్ అనే ఖాళీ ల్యాప్‌టాప్ డొల్లలో ఫోనును అమర్చగా, వెబ్‌టాప్ అనే వ్యవస్థలో ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు నడిచేది. ఇది ఎక్కువకాలం నిలువలేదు. 2013లో ఉబుంటు ఎడ్జ్ అనే ఫోను కొరకు కానోనికల్ సంస్థ ప్రజల నుండి 3.2 కోట్ల డాలర్ల విరాళము కోరగా, సుమారు 1.28 కోట్ల డాలర్లకే వాగ్దానాలు వచ్చాయి. ఆ ఫోను తయారు కాలేదు.

తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించే ఘట్టము 2015 నాటిది. హైదరాబాదులో జన్మించిన సత్య నాదెళ్ల అప్పటికి మైక్రోసాఫ్ట్ ముఖ్య కార్యనిర్వహణాధికారిగా ఉన్నారు. ఆ ఏడాది వచ్చిన లూమియా 950, 950 ఎక్స్‌ఎల్ ఫోనులలో కంటిన్యువమ్ అనే సదుపాయము ఉండేది. డిస్‌ప్లే డాక్ అనే చిన్న పెట్టెకు మానిటరు, కీబోర్డు తగిలిస్తే తెరపై విండోస్ 10 వంటి రూపము ప్రత్యక్షమయ్యేది. అయితే అది విండోస్ కాదు, విండోస్ వేషము మాత్రమే. సాధారణ కంప్యూటరులో నడిచే పాత ప్రోగ్రాములు అందులో నడిచేవి కావు, కొత్త పద్ధతిలో వ్రాసిన కొద్దిపాటి అనువర్తనాలే పనిచేసేవి. అదే ఏడాది జూలైలో మైక్రోసాఫ్ట్ తన ఫోను వ్యాపారంపై 760 కోట్ల డాలర్ల నష్టాన్ని లెక్కలలో చూపింది. విండోస్ 10 మొబైలుకు మద్దతు 2020 జనవరిలో ముగిసినది.

నిలదొక్కుకున్నది 2017లో గెలాక్సీ ఎస్8తో వచ్చిన శాంసంగ్ డెక్స్. మొదట దీనికి ప్రత్యేక డాక్ అవసరమయ్యేది. 2018లో నోట్ 9 నుండి కేవలం ఒక హెచ్‌డీఎంఐ అడాప్టరు సరిపోయినది. 2021లో మోటరోలా రెడీ ఫర్ పేరుతో మళ్ళీ రంగంలోకి వచ్చింది. 2025లో గూగుల్, శాంసంగుతో కలిసి ఆండ్రాయిడ్‌లోనే ఈ సదుపాయాన్ని రూపొందిస్తున్నట్లు ప్రకటించినది.

== పనిచేయు విధానము ==

యూఎస్‌బీ టైప్-సీ రంధ్రము ఉన్న ప్రతి ఫోనూ మానిటరుకు దృశ్యాన్ని పంపలేదు. కొనుగోలుదారులు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. రంధ్రపు ఆకారము వేరు, అందులో ప్రవహించే సంకేతము వేరు. డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అను పద్ధతిలో, సమాచారము కొరకు ఉద్దేశించిన వేగవంతమైన తీగ జతలను దృశ్య సంకేతానికి మళ్ళిస్తారు. చవక ఫోనులలో సాధారణంగా టైప్-సీ ఆకారములో యూఎస్‌బీ 2.0 మాత్రమే ఉంటుంది. అందులో ఆ తీగ జతలే ఉండవు కనుక అడాప్టరు ఎంత ఖరీదైనదైనా మానిటరు నల్లగానే ఉంటుంది. అడాప్టరు కొనే ముందు ఫోను వివరాల పట్టికలో ఈ సదుపాయము ఉన్నదో లేదో చూసుకొనుట మంచిది.

కీబోర్డు, మౌసు మాత్రము దాదాపు ఏ ఆండ్రాయిడ్ ఫోనుకైనా బ్లూటూత్ ద్వారా కలపవచ్చును. చార్జింగు కూడా ఇచ్చే హబ్ లేనిచో, గంటల తరబడి పనిచేయునప్పుడు బ్యాటరీ త్వరగా తరిగిపోతుంది, ఫోను వేడెక్కుతుంది.

== గ్రామీణ ప్రాంతాలలో ప్రాధాన్యత ==

న్యాల్‌కల్ సంగారెడ్డి జిల్లాలో, కర్ణాటక సరిహద్దున గల మండల కేంద్రము. 2016 అక్టోబరు వరకు ఇది మెదక్ జిల్లాలో ఉండేది. ఇటువంటి చోట్ల విద్యార్థికి ఫోను దొరికినంత సులభంగా కంప్యూటరు దొరకదు. 2017-18 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలోని గ్రామీణ కుటుంబాలలో 4.4 శాతానికి, పట్టణ కుటుంబాలలో 23.4 శాతానికి మాత్రమే కంప్యూటరు ఉన్నది. 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో కోవిడ్ కాలపు డిజిటల్ పాఠాలు ప్రారంభమైనప్పుడు దూరదర్శన్, టీ-శాట్ ద్వారా టీవీలలో ప్రసారము చేయవలసి రావడానికి ఇదే ప్రధాన నేపథ్యము. పాఠము వినడానికి టీవీ చాలును, కానీ ప్రాజెక్టు నివేదిక వ్రాయడానికి, స్ప్రెడ్‌షీట్ నేర్చుకోవడానికి చాలదు. హెచ్‌డీఎంఐ ఉన్న అదే టీవీకి ఫోను కలిపితే ఆ కొరత కొంత తీరుతుంది. పాత డబ్బా టీవీలకు ఇది నేరుగా కుదరదు.

చిక్కు ఏమనగా, ఈ సదుపాయము ఎక్కువగా ఖరీదైన ఫోనులకే పరిమితమైనది. అంత సొమ్ము పెట్టగలవారు కంప్యూటరే కొనగలరు. ఇంటికంతటికీ ఒకే ఫోను ఉన్నచోట మరొక ఇబ్బంది కలదు: తండ్రి దానిని జేబులో వేసుకొని చెరకు తోటకు వెళితే, పిల్లల కంప్యూటరు కూడా ఆయనతోనే వెళ్ళిపోతుంది. వాడిన పాత డెస్క్‌టాప్ తక్కువ ధరకు దొరికే పక్షంలో అదే మేలైన మార్గము కావచ్చును. పెద్దవారు పక్కన పెట్టిన పాత గెలాక్సీ ఎస్ శ్రేణి ఫోను ఇంట్లో ఉంటే మాత్రము, పగిలిన తెరతోనైనా, అది చక్కని విద్యార్థి కంప్యూటరుగా పనికివస్తుంది.